రోజూ బైబిలు చదువుతున్నా విశ్వాసం బలపడటం లేదంటే

వందనాలు బ్రదర్. ఇదే ఇబ్బంది ఉన్నవాళ్లు ఇంకా చాలామంది ఉంటారు కాబట్టి ముందు మీ ప్రశ్న సారాంశం రెండు ముక్కల్లో చెబుతాను. మీది పల్నాడులో విశ్వాసుల కుటుంబం. సండే స్కూలు, కంఠత వాక్యాలు, క్రిస్మస్ నాటికలు, అన్నిటి మధ్యా పెరిగారు. ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం, వారంలో సగం రోజులు నైట్ షిఫ్టు. ప్రతి జనవరి ఒకటిన "ఈ ఏడాది బైబిలు మొత్తం చదవాలి" అని ఆదికాండం తెరుస్తారు, లేవీయకాండం దగ్గర ఆగిపోతారు. చదివిన రోజుల్లో కూడా మనసుకు ఏమీ తగలడం లేదు. అమ్మ ఫోన్ చేసి "వాక్యం చదువుకున్నావా నాన్నా" అంటే "చదువుకున్నానమ్మా" అనేస్తున్నారు. అసలు నాకు విశ్వాసం ఉందా, ఉంటే ఎలా బలపడాలి, సంఘం మారితే బాగుపడతానా అని అడిగారు.

నేను పాస్టరును కాదు. బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాను. మా ఊళ్లో సండే స్కూలు, శుక్రవారం గృహకూడికలో వాక్యపఠనం చాలా ఏళ్లుగా చూసుకుంటున్నాను. చదివేవాళ్లలో ఎవరు నిలబడ్డారు, ఎవరు మెల్లగా జారిపోయారు అన్నది దగ్గర నుంచి చూశాను. ఆ చూసినదాన్ని బట్టి నా జవాబు ఇది: మీరు తక్కువ చదవడం వల్ల బలహీనపడలేదు. చదివినదాంట్లో ఒక్క మాటైనా ఆ వారంలో చేసి చూడకపోవడం వల్ల బలహీనపడ్డారు. రోజుకు పది అధ్యాయాలు చదివి ఏమీ చేయనివాళ్ల కంటే, పది వచనాలు చదివి ఒక్కటి చేసినవాళ్లే కష్టకాలంలో నిలబడటం నేను చూశాను.

ముందు మీ జనవరి సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అది భక్తి సమస్య కాదు, లెక్కల సమస్య. మన బైబిల్లో 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు. ఏడాదిలో పూర్తవ్వాలంటే రోజుకు 3 అధ్యాయాల పైచిలుకు చదవాలి. ఆదికాండం 50, నిర్గమకాండం 40. అంటే జనవరి నెలాఖరుకు మీరు సరిగ్గా లేవీయకాండం గుమ్మంలో ఉంటారు. అప్పటికే నిర్గమకాండం చివర్లో ప్రత్యక్షపు గుడారం తెరలు, కొలుకులు, పలకలు, దిమ్మలు అన్నీ రెండేసిసార్లు దాటి వచ్చి ఉంటారు. సంక్రాంతి సెలవులు అయిపోయి ఆఫీసులో పని మీద పడి ఉంటుంది. ఒక రోజు తప్పితే మర్నాటికి 6 అధ్యాయాలు బాకీ, మూడు రోజులు తప్పితే పన్నెండు. ఆ బాకీ చూసి గ్రంథం మూసేస్తారు. ఇందులో సాతాను చేసిన పని కంటే ప్లాను చేసినవాళ్ల పనే ఎక్కువ.

దాని బదులు ఇలా చేయండి. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలున్నాయి. వారానికి ఐదు రోజులు, రోజుకు ఒక్క అధ్యాయం చదివితే 52 వారాల్లో సరిగ్గా పూర్తవుతుంది. మిగిలిన రెండు రోజుల్లో ఒకరోజు ఒక కీర్తన. ఆదివారం అయ్యగారు (పాస్టరు) బోధించిన వాక్యభాగాన్నే ఇంటికొచ్చి మళ్లీ ఒకసారి మీ అంతట మీరు చదువుకోవడం. మొదలు మార్కు సువార్తతో పెట్టండి. 16 అధ్యాయాలే, మాటలు తక్కువ, పనులు ఎక్కువ. ఆ తర్వాత యోహాను, ఆపైన యాకోబు పత్రిక. ఒక రోజు తప్పితే తప్పినట్టే, బాకీ తీర్చొద్దు. మర్నాడు ఆ రోజు భాగం చదవండి చాలు.

నైట్ షిఫ్టు వాళ్లకు ఒక మాట. వేకువనే లేచి చదవకపోతే అది చదువు కాదన్నట్టు మన సంఘాల్లో ఒక అభిప్రాయం ఉంది. ప్రభువు పెందలకడనే లేచి ప్రార్థించిన మాట నిజమే, అది మార్కు మొదటి అధ్యాయంలోనే ఉంది. అయితే రాత్రి జాముల్లో పడక మీద దేవుణ్ని ధ్యానించినవాడు కూడా బైబిల్లోనే ఉన్నాడు, 63వ కీర్తన చూడండి. మీకు మధ్యాహ్నం రెండింటికి తెల్లవారితే, ఆ రెండింటికే మీ వేకువ. లేచిన తర్వాత ఆఫీసు మెసేజ్‌ల కంటే ముందు తెరవండి, అంతే. ఇంకోటి, ఫోన్లో చదవడం పాపమేమీ కాదు గానీ, చదువుతుండగా పైనుంచి వాట్సాప్ జారి వస్తుంటే ఎవరికైనా కష్టమే. ఇంట్లో కాగితం బైబిలు, మెట్రోలో ఆడియో అని పెట్టుకుంటే సరిపోతుంది. పాత అనువాదం గ్రాంథికం కొరుకుడు పడకపోతే పక్కన వాడుకభాషలో ఉన్న అనువాదం ఒకటి పెట్టుకోండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక అసలు విషయానికి వద్దాం. "వినుట వలన విశ్వాసము కలుగును, వినుట క్రీస్తును గూర్చిన మాటవలన కలుగును" అని రోమా పత్రిక 10వ అధ్యాయంలో ఉంది. ఈ వాక్యం మనందరికీ కంఠతా వచ్చు. విశ్వాసం పుట్టేది వాక్యం వల్లనే, అందులో సందేహం లేదు. కానీ పుట్టిన విశ్వాసం బలపడేది ఎక్కడో యాకోబు చెబుతాడు: "మీరు వినువారు మాత్రమైయుండి మిమ్మును మీరు మోసపుచ్చుకొనకుండ, వాక్యప్రకారము ప్రవర్తించువారునైయుండుడి." విని ఊరుకునేవాడు అద్దంలో మొహం చూసుకుని, అవతలికి వెళ్లగానే తానెలా ఉన్నాడో మరిచిపోయేవాడి లాంటివాడు అంటాడు. మీ సమస్య అచ్చంగా ఇదే. "చదివినా ఏమీ అనిపించదు" అన్నారు. అద్దం ముందు నుంచి లేచి వెళ్లి ఏమీ చేయనివాడికి ఏమనిపిస్తుంది?

యోహాను 7:17లో ప్రభువు ఒక మాట అన్నాడు. ఎవడైనా దేవుని చిత్తం చొప్పున చేయడానికి నిశ్చయించుకుంటే, ఈ బోధ దేవుని వలన కలిగినదో కాదో వాడు తెలుసుకుంటాడు అని. వరస గమనించండి. ముందు రుజువు, తర్వాత విధేయత అని మనం అనుకుంటాం. అక్కడ వరస తిరగబడి ఉంది. పదిమంది కుష్ఠరోగుల కథలోనూ అంతే. "మీరు వెళ్లి యాజకులకు కనపరచుకొనుడి" అన్నాడు. అప్పటికి వాళ్ల ఒంటి మీద మచ్చ ఒక్కటీ పోలేదు. కదిలారు. "వారు వెళ్లుచుండగా, శుద్ధులైరి" అని లూకా రాశాడు. శుద్ధి అయ్యాక వెళ్దాంలే అని కూర్చుని ఉంటే ఆ కథే లేదు. పేతురు రాత్రంతా వల వేసి ఒక్క చేపా పడక వలలు కడుక్కుంటున్నాడు. "అయినను నీ మాట చొప్పున వలలు వేతును" అన్నాడు. ఆ క్షణంలో అతనికి గొప్ప విశ్వాసం పొంగుతున్నట్టు నాకైతే అనిపించదు. అలసిపోయిన జాలరి మాట అది. కానీ వల వేశాడు.

మీరు ఆగిపోయే లేవీయకాండం మీద నాకు ప్రత్యేకమైన అభిమానం ఉంది, అందుకు కారణం చెబుతాను. ఆ పుస్తకం 19వ అధ్యాయం 13వ వచనంలో "కూలివాని కూలి మరునాటి వరకు నీయొద్ద ఉంచుకొనకూడదు" అని ఉంది. ఒక శుక్రవారం మా గృహకూడికలో ఈ అధ్యాయం చదివాం. అక్కడ సెంట్రింగ్ పనులు కాంట్రాక్టుకు తీసుకునే తమ్ముడొకడు ఉన్నాడు. ఆ పనిలో కొందరు మేస్త్రీలకు ఒక అలవాటు ఉంటుంది: కూలీలు వేరే పనికి పోకుండా వారం కూలి పట్టి ఉంచుతారు. శనివారం లెక్క చూసి, కిందటి వారానిది ఇచ్చి, ఈ వారానిది ఆపుతారు. ఈ తమ్ముడూ అదే పద్ధతి. ఆ రోజు కూడికలో అతను ఏమీ మాట్లాడలేదు, ప్రార్థన కూడా చేయలేదు. మర్నాడు శనివారం. అందరికీ మొత్తం బాకీ కట్టేసి, ఇక నుంచి ఏ వారానిది ఆ వారమే అన్నాడట.

తర్వాత ఏమైందంటే, సోమవారం ఇద్దరు రాలేదు. డబ్బు చేతికొచ్చింది కదా, వేరే చోట యాభై రూపాయలు ఎక్కువ ఇస్తామంటే వెళ్లిపోయారు. స్లాబు ఆలస్యమైంది, ఇల్లు కట్టించుకునే ఓనరు కేకలేశాడు. పై శుక్రవారం అతను కూడికలో సాక్ష్యం చెప్పాడు. "దేవుడు ఆశీర్వదించాడు, పనులు రెట్టింపయ్యాయి" అని చెప్పలేదు. "ఇంతకుముందు నా పని నేను చూసుకునేవాణ్ని, ఆదివారం వచ్చి స్తోత్రం చెప్పేవాణ్ని. ఈ వారం మాత్రం ఆయన లేకపోతే నా పని ఆగిపోతుందన్నట్టు ప్రార్థన చేశాను" అన్నాడు. విశ్వాసం బలపడటం అంటే ఏమిటో నేను విన్నవాటిలో ఇంత సూటిగా చెప్పిన మాట ఇంకోటి లేదు. అతను వాక్యానికి లోబడకముందు దేవుడి మీద ఆనుకోవాల్సిన అవసరమే అతనికి రాలేదు. లోబడ్డాక వచ్చింది. వెళ్లిపోయినవాళ్లలో ఒకడు కొన్నాళ్లకు తిరిగొచ్చాడు, ఇంకొకడు రాలేదు.

అదే లేవీయకాండం 23వ అధ్యాయంలో పర్ణశాలల పండుగ గురించి ఉంది. చదివితే ఎండు కట్టెలా ఉంటుంది. కానీ అదే ఆజ్ఞ నెహెమ్యా 8వ అధ్యాయంలో మనుషుల చేతికి ఎలా చిక్కిందో చూడండి. బబులోను చెర నుంచి తిరిగొచ్చిన జనం యెరూషలేములో నీటి గుమ్మం ఎదుట కూడుకున్నారు. ఎజ్రా తెల్లవారినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివి వినిపించాడు. లేవీయులు అర్థం చెప్పారు. జనం ఏడ్చారు. మన సభలైతే ఆ ఏడుపుతో ముగిసిపోతాయి, "బలమైన కూడిక" అని ఇంటికెళ్తాం. వాళ్లకు రెండో రోజు కూడా ఉంది. పెద్దలు మళ్లీ ఎజ్రా దగ్గరికి వచ్చి చదివితే, ఏడో నెల పండుగలో పర్ణశాలల్లో నివసించాలని రాసి ఉండటం కనబడింది. వెంటనే కొండకు వెళ్లి ఒలీవ కొమ్మలు, గొంజిచెట్ల కొమ్మలు, ఈత కొమ్మలు కొట్టుకొచ్చి మిద్దెల మీద, లోగిళ్లలో పందిళ్లు వేసుకున్నారు. నూను కుమారుడైన యెహోషువ కాలం నుంచి ఎవరూ అలా చేయలేదట. "బహు సంతోషము" పుట్టిందన్న మాట అక్కడ, కొమ్మలు కొట్టుకొచ్చి పందిళ్లు వేసుకున్న తర్వాత వస్తుంది. మీరు వెతుకుతున్న ఆ "ఏదో అనిపించడం" చాలాసార్లు ఆ వరసలోనే వస్తుంది.

మన తెలుగు నేల మీద కూడా ఇది జరిగింది. ఒంగోలు చుట్టుపక్కల 1866లో యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తర్వాత మొదలైన ఉద్యమంలో తొలి విశ్వాసుల్లో చాలామందికి అక్షరం రాదు. బైబిలు చదవడమనే మాటే లేదు, వినడమే. అయితే సంఘంలో చేరేవాళ్లకు మూడు కట్టుబాట్లు గట్టిగా ఉండేవి: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. ఇవి వినడానికి చిన్నవి. కానీ భూస్వామి పొలంలో వెట్టిచాకిరీ చేసే మాదిగ కుటుంబం "ఆదివారం రాము" అనడం ఎంత పెద్ద మాటో ఆలోచించండి. దెబ్బలు తిన్నారు, పనులు పోగొట్టుకున్నారు. 1876–78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కూటి కోసం చేరారన్న మాట రాకుండా ఆ కరువు సమయంలో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు పని అయిపోయాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చదువు లేని వాళ్ల విశ్వాసం అంతగా నిలబడటానికి నాకు కనిపించే కారణం ఒకటే. విన్న కొద్దిపాటి వాక్యాన్ని వాళ్లు ఖరీదు పెట్టి చేశారు. మన జేబులో ఇప్పుడు ఫోన్లో నాలుగు అనువాదాలున్నాయి.

సరే, రోజువారీగా దీన్ని ఎలా చేయాలి? ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. రోజుకు మూడే వాక్యాలు రాయండి. ఈ భాగంలో దేవుడు ఎలాంటివాడుగా కనిపించాడు? నన్ను తాకిన మాట ఏది? ఈ రోజు నేను చేసేది ఏమిటి? మూడోదానికి తేదీ, వీలైతే మనిషి పేరు ఉండాలి. "ఇంకా ప్రేమగా ఉంటాను" అని రాస్తే అది చెల్లదు, రాత్రికి అయిందో లేదో చెప్పలేం కదా.

ఉదాహరణకు మార్కు 1:32–39 తీసుకుందాం. సాయంకాలం పొద్దుగుంకాక పట్టణమంతా వాకిట కూడింది, ప్రభువు చాలామందిని స్వస్థపరిచాడు. మర్నాడు ఇంకా చాలా చీకటి ఉండగానే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థిస్తున్నాడు. సీమోను వెతుక్కుంటూ వచ్చి "అందరూ నిన్ను వెదకుచున్నారు" అన్నాడు. ఆయన వెనక్కి రాలేదు, పక్క గ్రామాలకు వెళ్దాం అన్నాడు. ఇప్పుడు నోటుపుస్తకంలో ఇలా రాయొచ్చు:

"ప్రభువు జనం అవసరాలు తెలిసినవాడే, కానీ జనం లాగిన వైపుకు పోయేవాడు కాదు. 'అందరూ నిన్ను వెదకుచున్నారు' అన్న మాట నన్ను తాకింది, నా ఫోను రోజంతా అదే అంటుంది. రేపు లేచాక వాక్యం, ప్రార్థన అయ్యేవరకు ఆఫీసు గ్రూపు తెరవను."

ఇంతే. పావుగంట పని. రాత్రి పడుకునే ముందు ఆ మూడో వాక్యం పక్కన "అయింది" లేదా "కాలేదు" అని రాయండి. "కాలేదు" అని రాసిన రోజు బాధపడి వదిలేయొద్దు, మర్నాడు కొత్తది వెతక్కుండా దాన్నే మళ్లీ రాయండి. ఒకే ఆజ్ఞ దగ్గర రెండు వారాలు ఉండిపోయినా నష్టం లేదు. నిజానికి మనం ముందుకు పోలేని చోటే మన విశ్వాసం ఎక్కడ ఆగిందో తెలుస్తుంది.

మీ విషయంలో మొదటి రోజు ఏం చేయాలో మీ ప్రశ్నలోనే ఉంది. ఎఫెసీ 4:25 తీసి చదవండి, అబద్ధం మాని ఒకరితో ఒకరు సత్యమే మాట్లాడమన్న మాట. అమ్మకు మీరే ఫోన్ చేసి, "అమ్మా, చదువుతున్నానని చెప్పాను గానీ చదవడం లేదు. ఇప్పుడు మార్కుతో మొదలుపెడుతున్నాను" అనండి. ఆవిడ నాలుగు మాటలు అంటే అననివ్వండి. ఈ ఒక్క ఫోను కాల్ ముందు మీకు పది సాకులు గుర్తుకొస్తాయి. సంవత్సరం ప్లాను మొదలుపెట్టినప్పుడు ఒక్క సాకూ రాలేదు కదా? ఆ తేడా గమనించండి. వీలైతే రోజూ రాత్రి ఆవిడకు ఆ రోజు చదివిన అధ్యాయం పేరు ఒక్కటి మెసేజ్ పెట్టండి, ఆవిడా అదే చదువుతుంది. తల్లీకొడుకులు వేర్వేరు ఊళ్లలో ఉండి ఒకే అధ్యాయం చదవడం కంటే మంచి కుటుంబ ప్రార్థన నాకు తెలియదు.

ఇక్కడ కొన్ని జాగ్రత్తలు చెప్పాలి, ఎందుకంటే విధేయత పేరుతో మన మధ్య చాలా గందరగోళం జరుగుతోంది.

డిసెంబరు 31 రాత్రి వాచ్ నైట్ సర్వీసులో, ఆ ఏటికి ఒక బైబిలు వచనం అచ్చయిన వాగ్దానం కార్డు తీసుకుంటాం కదా. తీసుకోండి, నేనూ తీసుకుంటాను. కానీ సంవత్సరమంతా ఆ ఒక్క ముక్క మీద బతకొద్దు. ఆ కార్డుల్లో తరచూ కనబడేది యిర్మీయా 29:11, సమాధానకరమైన ఉద్దేశాలే గాని హానికరమైనవి కావు అన్న మాట. ఆ అధ్యాయం మొత్తం చదివితే, అది బబులోనుకు చెరపట్టబడినవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం అని తెలుస్తుంది. పై వచనంలోనే 70 ఏళ్లు అని ఉంది. అంటే విన్నవాళ్లలో పెద్దవాళ్లు తిరుగు ప్రయాణం చూడరు. అప్పటిదాకా ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న ఆ పరాయి పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని ఆజ్ఞ కూడా ఉంది. వాగ్దానం కార్డు మీద అచ్చవుతుంది, ఆజ్ఞ కాదు. హైదరాబాదులో అద్దె ఇంట్లో ఉండే మీకు, ఆ ఆజ్ఞే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

కళ్లు మూసుకుని పేజీ తెరిచి వేలు పెట్టిన వచనాన్ని ఆజ్ఞగా తీసుకోవడం కూడా మానండి. ఎవరితో అన్నాడు, ఎందుకు అన్నాడు, క్రీస్తు వచ్చాక దాని సంగతి ఏమిటి అని చూడాలి. సంఖ్యాకాండం 15లో బట్టల అంచులకు కుచ్చులు పెట్టుకోమని ఉంది, అది ఇశ్రాయేలీయులకు గుర్తు. కూలి ఆపొద్దన్న మాట అలాంటిది కాదు, యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో అది మళ్లీ అంతే కోపంతో వస్తుంది. అర్థం కాకపోతే మత్తయి 22లో ప్రభువు చెప్పిన రెండు ఆజ్ఞల పక్కన పెట్టి చూడండి: దేవుణ్ని ప్రేమించడం, పొరుగువాణ్ని ప్రేమించడం. ఆ రెంటికీ ఎదురు తిరిగే అర్థం వస్తే మీరు తప్పు చదివారన్నమాట.

వాక్యానికి లోబడటం వేరు, ప్రసంగి నోటి నుంచి వచ్చిన ప్రతి మాటకూ లోబడటం వేరు. బెరయ పట్టణంవాళ్లు పౌలు చెప్పినదాన్నే ప్రతిదినం లేఖనాల్లో వెతికి చూశారు, అందుకే వాళ్లను ఘనులని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం మెచ్చుకుంది. విశ్వాసం ఉంటే బీపీ మాత్రలు మానేయమని ఎవరైనా చెబితే మానకండి. హిజ్కియా రాజు పుండుకు యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు, తిమోతి కడుపు జబ్బుకు పౌలు ఇంటి వైద్యమే చెప్పాడు, లూకా వైద్యుడు. ఇంట్లో దెబ్బలు తింటున్న చెల్లెలికి "లోబడి ఉండమ్మా" అని వచనం చూపించి వెనక్కి పంపడం కూడా నేను ఒప్పుకోను. అదే ఎఫెసీ 5వ అధ్యాయంలో భర్తకు, క్రీస్తు సంఘాన్ని ప్రేమించి తన్ను తాను అప్పగించుకున్నట్టు ప్రేమించమని ఉంది. ఆ వచనం అతనికి ఎవరు చదివి వినిపిస్తారు?

ఇవన్నీ చేసినా కొన్నాళ్లు ఎండిపోయినట్టు ఉండొచ్చు. సాక్ష్యాలు విని మిమ్మల్ని మీరు కొలుచుకోకండి. భక్త్ సింగ్ గారి సంగతి మీకు తెలిసే ఉంటుంది, హైదరాబాదులో హెబ్రోను సంఘం ఆయన సేవ ఫలమే. పంజాబు సిక్కు కుటుంబంలో పుట్టినాయన, చిన్నప్పుడు ఇచ్చిన బైబిలును చింపేసి పై అట్ట మాత్రం ఉంచుకున్నారట. 1929లో కెనడాలోని విన్నిపెగ్‌లో ఒక స్నేహితుణ్ని బైబిలు అడిగి తీసుకుని, కింద పెట్టకుండా చదివి మారిపోయారు. అలా ఒక్కసారిగా మండేవాళ్లు ఉంటారు. అందరికీ అలా జరగదు. 88వ కీర్తన చూడండి, అది మొరతో మొదలై చీకటిలోనే ముగుస్తుంది, అయినా అది ప్రార్థనే. కొడుకు జబ్బుతో అల్లాడుతున్న తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకము ఉండకుండ సహాయము చేయుము" అని కేకలేశాడు. ప్రభువు అతన్ని ముందు విశ్వాసం పూర్తిగా తెచ్చుకో అనలేదు, కొడుకును బాగుచేశాడు. మీకు విశ్వాసం ఉందో లేదో అన్న ప్రశ్నకు నా జవాబు ఆ తండ్రి మాటలోనే ఉంది. లేనివాడు ఇంత మథనపడి అడగడు.

నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం వారాల తరబడి ఉంటే మాత్రం అది విశ్వాసం తక్కువై వచ్చిందని మీకు మీరే తీర్పు చెప్పుకోకండి. డాక్టరును కలవండి. నైట్ షిఫ్టులు ఒంటిని అలా చేస్తాయి. ఏలీయా ప్రవక్త బదరీచెట్టు కింద "చాలును, నా ప్రాణము తీసికొనుము" అన్నప్పుడు దేవుడు అతనికి ప్రసంగం చేయలేదు. దూత వచ్చి తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లబుడ్డి ఇచ్చాడు. తిని మళ్లీ పడుకుంటే రెండోసారి కూడా లేపి తినిపించాడు. "ఇచ్చట నీవేమి చేయుచున్నావు" అన్న ప్రశ్న హోరేబు కొండకు చేరాకనే వచ్చింది.

సంఘం మారాలా అన్నదానికి ఇప్పుడే జవాబు అవసరం లేదు. మార్కు, యోహాను, యాకోబు పూర్తయ్యేవరకు ఉన్న సంఘంలోనే ఉండండి. నోటుపుస్తకంలో ఆదివారం పేజీలు ఖాళీగా ఉంటున్నాయా, అంటే అక్కడ వాక్యం చదివి వివరించడం లేదా అన్నది అప్పటికి మీకే తెలుస్తుంది. ఖాళీగా ఉంటే ముందు అయ్యగారినే మర్యాదగా అడగండి, "అయ్యగారూ, ఒక పుస్తకం మొదటి నుంచి చివరిదాకా వరసగా చెబుతారా" అని. కొందరు పాస్టర్లు ఎవరైనా అలా అడిగితే బాగుండు అని ఎదురుచూస్తుంటారు. కోప్పడితే, మీ అమ్మగారితో మాట్లాడి, ఇంటికి దగ్గరలో వాక్యం వరసగా బోధించే సంఘం చూసుకోవడంలో తప్పు లేదు. కాకపోతే చెప్పకుండా మాయమవ్వకండి, వెళ్లి చెప్పి, ప్రార్థన చేయించుకుని రండి.